నాడె పోయి వచ్చేలోగా

వనజాక్షి పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లి, ముగ్గు వేసి, కాఫీ గ్లాసుతో గడప మీద కూర్చుంటుంది. ఒడిలో లైబ్రరీ పుస్తకం ఉంటుంది. ఎప్పుడు చూసినా ఎవరో పాటగాడిదో, నాటకాలాయనదో, సినిమాల్లో నవ్వించిన ఆమెదో జీవిత చరిత్ర. పెదవులు కదుపుతూ నాలుగైదు మాటలు చదువుతుంది, ఆగుతుంది. మళ్లీ నాలుగైదు మాటలు, మళ్లీ ఆగుతుంది.

ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ చీపురు ఆపి అడుగుతుంది. "ఏం వనజా, పుస్తకం చదువుతాండావా, మందు మింగుతాండావా?"

వనజాక్షి నవ్వేసి పేజీ తిప్పుతుంది. అలా ఆగి ఆగి చదవడం ఆమెకు ధర్మవరంలో ఈ ఇంట్లోనే, అన్న రామాంజులు మగ్గం పక్కన అలవాటైంది.

రామాంజులు గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చుని పట్టుచీరలు నేసేవాడు. వనజాక్షి పక్కనే రాట్నం పెట్టుకుని నాడెలోకి పట్టుదారం కండెలు చుట్టి ఇచ్చేది. ఆమెకు సంబంధాలు వచ్చాయి, కుదరలేదు. తరువాత రావడం మానేశాయి. వీధిలో ఆమెను పలకరించేవాళ్లు ఉన్నారు గానీ, కూర్చుని మాట్లాడేవాళ్లు లేరు. పదో తరగతి దాకా చదువుకుంది కాబట్టి కండెలు ముందుగానే చుట్టిపెట్టుకుని అన్నకు పేపరు చదివి వినిపించేది. ఒకరోజు పేపరు రాలేదని లైబ్రరీలో పుస్తకం తెచ్చింది. నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించిన ఒకాయన జీవిత చరిత్ర అది. ఆ రోజు నుంచి పేపరు ఎవరికీ గుర్తు రాలేదు.

మగ్గం పక్కన చదవడానికి ఒక పద్ధతి ఉంది. నాడె దారం మోసుకుంటూ ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది. వెనకాలే చెక్క బద్ద వచ్చి టక్కున నేతను తడుతుంది. ఆ దెబ్బ మీద ఏ మాట పడినా వినబడదు. అందుకని దెబ్బకూ దెబ్బకూ మధ్య పట్టేన్ని మాటలే చదవాలి. చీర మధ్య భాగంలో చెయ్యి వేగంగా నడుస్తుంది కాబట్టి అక్కడ చిన్న చిన్న ముక్కలు. కొంగు దగ్గరికి వస్తే జరీ పువ్వులతో పని నిదానిస్తుంది, అప్పుడు పొడుగు వాక్యాలు. కచేరీల వర్ణనలు, చావులు, పెద్ద పెద్ద గొడవలు వనజాక్షి కొంగు కోసం దాచిపెట్టేది. ఆ వరస ఎవరూ చెప్పి నేర్పలేదు.

"ఇంతకీ ఆయమ్మ మద్రాసుకు పోయిందా, లేదా?" అని అడిగేవాడు రామాంజులు.

"పోతాంది. రైల్లో కూర్చోని ఏడుస్తాంది."

"ఏడవనీలే. టికెట్టు ఎవురు తీసిచ్చినారు?"

"మేనత్త."

"మేనత్త మంచిది. ఆ నాటకాల మేనేజరుగాన్నే యాడన్నా కట్టేసి కొట్టల్ల."

వంటింట్లోంచి వదిన సుజాత తొంగిచూసేది. "ఎవురి మేనత్త? మనవాళ్లెవురన్నా వచ్చినారా?"

"నీకు తెలీదులే, పొయ్యి చూసుకోపో," అనేవాడు రామాంజులు. అన్నాచెల్లెళ్లిద్దరూ నవ్వుకునేవాళ్లు.

వాళ్లకు ఆ మనుషులంతా చుట్టాలే. ఏ గాయని గొంతు పోయి పదేళ్లు ఇల్లు కదలలేదో, ఏ నాదస్వరం విద్వాంసుడు పెళ్లి ఊరేగింపులో వాయిస్తూ వాయిస్తూ తన ఇల్లే దాటిపోయాడో వాళ్లకు తెలుసు. అందరినీ నవ్వించిన ఒక సినిమా నటుడు చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద నర్సులనూ నవ్వించి కన్నుమూశాడని చదివిన రోజు రామాంజులు నాడె పక్కన పెట్టేశాడు. గుంతలోంచి లేచి మొహం కడుక్కున్నాడు. "ఇంగ ఈ పొద్దుకు చాలు," అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ భోజనం సరిగ్గా చేయలేదు. సుజాత చేసిన ఉలవచారు అలాగే ఉండిపోయింది.

రామాంజులు మోకాళ్లు అరిగిపోయాయి. గుంతలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. డాక్టరు ఇక కాళ్లు దించి కూర్చోవద్దన్నాడు. గుంత పూడ్చి, పైన మరమగ్గం బిగించారు. దానికి కండెలు కూడా మోటారే చుడుతుంది.

మొదటి రోజు వనజాక్షి ఎప్పటిలాగే పుస్తకం తీసింది. గొంతు పెంచింది. మరికాస్త పెంచింది. రామాంజులు చెవి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. మరమగ్గం దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక్క అక్షరం కూడా పట్టదు. ఆమె పుస్తకం మూసి వంటింట్లోకి పోయింది.

తరువాత మనసులో చదువుకోవాలని చూసింది. చదవగలదు. కానీ ఒక తమాషా సంగతి వస్తే తల ఎత్తేది. ఎదురుగా మోటారు, బెల్టు, వాటి వెనక అన్న వీపు. మళ్లీ తల దించుకునేది. తొందరగా చదివేస్తే మనుషులు తొందరగా చచ్చిపోతున్నట్టు ఉండేది.

లైబ్రరీలో పనిచేసే దేవేంద్ర ఆమె వాడిపోవడం గమనించాడు. "అక్కా, అనంతపురంలో చూపులేని ఆడపిల్లల హాస్టలుండాది. చదివి వినిపించేవాళ్లు కావల్లంటాండారు. నీకంటే బాగా చదివేవాళ్లు ఎవురుండారు?" అన్నాడు.

వనజాక్షి ఆ రాత్రి ఇస్త్రీ చీర తీసి పెట్టుకుంది. ఏ పుస్తకం తీసుకుపోవాలో ఎంతకూ తేల్చుకోలేక చివరికి ఒక సినిమా గాయని చరిత్ర సంచిలో పెట్టుకుంది. బస్సులో ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కుంటూనే అనంతపురం చేరింది.

డిగ్రీ చదివే పిల్లలు చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. వార్డెను జ్యోతి కుర్చీ వేసింది. వనజాక్షి మొదలుపెట్టింది.

"ఆ ఏడు వానలు లేవు." ఆగింది. "పిల్లకు పాలు పట్టే దిక్కు లేక." ఆగింది. "తల్లి ఆ పిల్లను." ఆగింది.

ఒక పిల్ల పక్కపిల్లను గిల్లింది. ఇంకో పిల్ల ఉండబట్టలేక అనేసింది. "ఆంటీ, మీ ఊర్లో సిగ్నలు లేదా? బఫరింగ్ అయితాంది."

గది అంతా నవ్వులు. వనజాక్షి కూడా నవ్వింది. ఈసారి ఆపకుండా చదవాలనుకుంది. ఒక వాక్యం పరుగు పెట్టించింది, ఊపిరి అందక మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడో వాక్యానికి మళ్లీ పాత ఆగుడే. లేని మగ్గం ఆమె చెవుల్లో కొడుతూనే ఉంది.

జ్యోతి గేటు దాకా వచ్చింది. "అక్కా, ఏమనుకోవద్దు. మా పిల్లలు ఫోన్లో యాప్ పెట్టుకోని వింటారు, అదీ ఫుల్ స్పీడ్‌లో. వాళ్లకు నిదానమైతే నిద్రొస్తాది. నీ గొంతు మాత్రం బాగుండాది."

"పిల్లలు మంచోళ్లమ్మా," అంది వనజాక్షి.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పింది. సుజాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రామాంజులు నవ్వలేదు. "వాళ్లకేం తెలుసు? ఆదివారం మిషను ఆపేస్తా. నాకు చదువు," అన్నాడు.

ఆదివారం మిషను ఆగింది. ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. రామాంజులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. వనజాక్షి గాయని మొదటి కచేరీ దగ్గర ఎత్తుకుంది. కొంగు కోసం దాచిపెట్టుకునే ఘట్టం అది. కాసేపటికి తల ఎత్తి చూసింది. అన్న చేతులు ఒడిలో ఏం చేయాలో తెలియక ఒకదాన్నొకటి నొక్కుతున్నాయి. కాళ్లు కుర్చీ కింద కదులుతున్నాయి. కళ్లు మిషను మీదికి, గోడ మీదికి, మళ్లీ మిషను మీదికి పోతున్నాయి.

"అన్నా, ఆయమ్మ ఏం పాట ఎత్తుకునిందో చెప్పు?"

రామాంజులు ఉలిక్కిపడ్డాడు. "ఏ ఆయమ్మ?" అన్నాడు. తరువాత సిగ్గుపడ్డాడు. "ఊరికే కూర్చుంటే చెవికెక్కడంల్యా వనజా. నేస్తా వింటేనే నాకు వినబడేది. చేతులు ఆగితే మనసు యాడికో పోతాంది."

వాళ్లిద్దరి మధ్య ఉన్నది పుస్తకం ఒక్కటే కాదని వనజాక్షికి అప్పుడు అర్థమైంది. ఆయనకు నేస్తేనే వినబడుతుంది. ఆమెకు ఆయన నేస్తేనే చదవడం వస్తుంది. ఆ రెండూ పూడ్చిన గుంతలో ఉండిపోయాయి. కోపం చేసుకోవడానికి ఎవరి తప్పూ లేదు.

"చాల్లేన్నా. మిషను వేసుకోపో. ఆర్డరుండాది కదా," అంది.

ఆయన లేచాడు. కుర్చీ గోడ వారకు జరిపాడు. తరువాత స్విచ్చు వేశాడు.

వనజాక్షి ఆ గదిలోంచి రాట్నం తీసి అటక మీద పెట్టించింది. తరువాతి వారమే పనికి కుదిరింది. ఇప్పుడు ధర్మవరంలోనే ఒక చీరల దుకాణంలో, బేరం అయిపోయాక మిగిలిన చీరలకు మళ్లీ మడతలు పెడుతుంది. మిషను వేయకముందే గడప మీద నాలుగు పేజీలు చదువుకుని, పొద్దున తొమ్మిదికి పోయి, దీపాలు పెట్టాక ఇంటికి వస్తుంది.