మిషనత్త ఇల్లూ, నేను ఆరేసిన తాడూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఈ భూమ్మీద ఉండవచ్చునన్న అనుమానం కూడా నాకు వచ్చేది కాదు. మదనపల్లెలో సివిల్ డిప్లొమా ముగించి, అక్కడే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరి నాలుగు నెలలైంది. సంచిలో స్టీలు టేపు, చెవి వెనక పెన్సిలు, మెడలో ఐడీ కార్డు (ఇంటికొచ్చాక కూడా తీసేదాన్ని కాదు, అన్నం తినేటప్పుడు రసంలో మునిగితే తుడుచుకుని మళ్లీ వేసుకునేదాన్ని). పుంగనూరులో మా వీధిలో ఎవరింటి ముందు నిలబడినా "మీ గోడ అర అంగుళం వాలింది" అని చెప్పందే కదిలేదాన్ని కాదు. వాళ్లు అడిగిందీ లేదు, నేను మానిందీ లేదు. నన్ను చూసి జనం సందు మార్చుకుని పోయేవాళ్లని చాలా ఏళ్ల తర్వాత మా అమ్మ చెప్పింది.

మా ఇంట్లో మా నాన్న చెల్లెలు ఉండేది. పెళ్లయిన రెండో ఏడే భర్త పోతే మా ఇంటికి వచ్చి, వసారాలో కుట్టుమిషను వేసుకుని, ఇరవై ఏళ్లుగా వీధి మొత్తానికి రవికలు కుడుతూ ఉండిపోయింది. వీధికి మిషనక్క, నాకు మిషనత్త. నాకు నడక నేర్పింది, జడలు వేసింది, పరీక్షలప్పుడు పక్కన కూర్చుని కునికిపాట్లు పడింది ఆమే. ఆమె పడక హాల్లో, టీవీ ముందు చాప మీద. ఆమె చీరలు మా అమ్మ బీరువాలో కింది అరలో. ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అన్నది లేదు. కానీ ఆమెకంటూ మూసుకోవడానికి ఒక తలుపు కూడా లేదు. ఆ సంగతి నాకు ఆమె చెప్పేదాకా తోచనే లేదు.

ఒకరోజు నాన్న సంగటి తింటుంటే వచ్చి నిలబడింది. "అన్నా, పెరట్లో పాత కొట్టం పక్కన చిన్నిల్లు ఒకటి కట్టుకుంటా. ఒక గది, పొయ్యికింత జాగా. సాలు" అంది.

నాన్న ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగాడు. "యాలమ్మా, ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?"

"ఎవురూ ఏమీ అనలేదన్నా. నా తలుపుకు నేనే గొళ్లెం పెట్టుకోవల్ల. అంతే."

నాన్న ముద్ద మింగి తలూపాడు. మరునాడే పెరట్లో ముగ్గు పోసి పునాది తవ్వించాడు. పైకప్పు మాత్రం బండల మిద్దే కావాలంది అత్త. "సిమెంటు మిద్దె కింద ఎండాకాలం మిషను తొక్కితే గుడ్డలకు ఇస్త్రీ అక్కర్లేదు, నాకే అయిపోతాది" అని ఆమె లెక్క. గోడలు కట్టడానికి వచ్చింది రాళ్లప్ప. ఆయన అసలు పేరు మా నాన్నకు కూడా తెలియదు. డెబ్బై దాటిన మనిషి, రాయి పని తప్ప మరొకటి చేసి ఎరగడు, రోజుకు పది మాటల కంటే ఎక్కువ మాట్లాడడు. ఒకటిన్నర అడుగు మందం రాతిగోడలు ఆయన చేతికింద మెల్లగా లేచాయి. నేను సెలవు దొరికినప్పుడల్లా వచ్చి టేపు పట్టుకుని వెనకే తిరిగేదాన్ని, ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. జ్యేష్ఠ మాసం ఆఖరులో ముహూర్తం. అది దాటితే ఆషాఢం, పాలు పొంగించడానికి లేదు.

బండలకు కుప్పం దారిలో శాంతిపురం వైపు పోవాలి. ఆ పని నేనే చేస్తానన్నాను. బయలుదేరే ముందు రాళ్లప్ప ఒక కొబ్బరితాడు తెచ్చి చేతికిచ్చాడు. దానికి మూడు ముడులు. "ఈ కొస నుంచి ఈ ముడి కాడికి గది. ఆ ముడి కాడికి బండ. ఇది సూపీ తల్లీ, వాళ్లే కోస్తారు" అన్నాడు. (మూడో ముడి ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.) ల్యాప్‌టాప్‌లో నేను గీసిన ప్లాను ఉండగా, డిప్లొమా చదివినదాన్ని, బస్సులో ముడుల తాడు చంకన పెట్టుకుని పోవడమా? సరేనని తీసుకున్నాను. పెరట్లో అత్త ఉతికిన బట్టలు చేతినిండా పట్టుకుని తీగ చాలడం లేదని సణుగుతుంటే, ఆ తాడు కొట్టం కంబానికీ జామచెట్టుకూ కట్టి, బట్టలు ఆరేసి, గొప్ప సాయం చేసినదానిలా బస్సెక్కాను.

బండల షెడ్డులో మనిషి నా ప్లాను చాలాసేపు చూసి, "అమ్మా, ఈ తొమ్మిది అడుగులు గది కొలతా, బండ కొలతా?" అని అడిగాడు. ఎంత మంచివాడో చూడండి, సరిగ్గా అదే అడిగాడు. "డ్రాయింగులో ఉండేది సూసి కొయ్యండన్నా, అన్నీ లెక్కేసే ఇచ్చినా" అన్నాను. ఆయన నా మెడలో కార్డు చూశాడు. "మీ ఇష్టం" అన్నాడు.

పదిరోజులకు బండలు వచ్చాయి. మా సందులోకి జేసీబీ పట్టదు, ఎనిమిది మంది మోసుకొచ్చి పెరట్లో పరిచారు. రాళ్లప్ప ఒక బండ పక్కన జానలు పెట్టుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. గోడను చూశాడు. మళ్లీ బండను చూశాడు. చివరికి నన్ను చూశాడు.

"ఇంజనీరమ్మా, తాడు యాడ?"

నా చూపు ఎటు పోయిందో అందరి చూపూ అటే పోయింది. జామచెట్టుకు కట్టిన తాడు మీద ఎవరివో ఏడు రవికలు ఆరుతున్నాయి. గది లోపల గోడకూ గోడకూ మధ్య తొమ్మిది అడుగులు. బండ కూడా తొమ్మిది అడుగులే. గోడ మీద ఆనడానికి అటు అర అడుగు, ఇటు అర అడుగు ఉండాలన్న సంగతి, పసిపిల్ల పెట్టెకు మూత పెట్టేటప్పుడు కూడా చూసుకునే సంగతి, మూడేళ్లు చదివిన నాకు తట్టలేదు. బండ ఎత్తి పెడితే నేరుగా లోపలికి జారి నేల మీద పడుతుంది.

"మూడేండ్ల సదువు కొబ్బరితాడుకు సరి తూగలా" అన్నాడు నాన్న, కోపంగా కూడా కాదు. ఫోను చేస్తే షెడ్డులో కొత్త బండలకు రెండు నెలలన్నారు. అత్త మూతిలో పట్టుకున్న గుండుసూది తీసి పైటకు గుచ్చుకుంది. "ఇరవై ఏండ్లు ఆగినా. రెండు నెల్లు ఆగలేనా? బిడ్డను ఏమీ అనొద్దండి" అంది. ఆ రోజు సాయంత్రం కట్టి పెట్టుకున్న మూటలోంచి చాప మళ్లీ బయటికి తీసి టీవీ ముందు పరుచుకుంటుంటే చూశాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఐడీ కార్డు తీసి సంచిలో పెట్టాను. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

పొద్దున్నే టంగు టంగున శబ్దం. పెరట్లోకి పోతే రాళ్లప్ప పాడుబడిన కొట్టంలోని రాతి కంబాలను పడదోసి ఒకదాని ముందు కూర్చుని ఉన్నాడు. రాయి మీద బొగ్గుతో గీత. గీత వెంట వరసగా చిన్న గుంతలు, గుంతల్లో ఇనుప చీలలు. ఒక్కొక్క చీలను ఒక్కొక్క దెబ్బ, అంతే, బలంగా కూడా కాదు. నాలుగు దెబ్బలకోసారి చెవి రాయికి ఆనించి వినేవాడు. "ఏం వినపడతాది తాతా?" అని అడిగితే, ఉండమన్నట్టు చెయ్యి చూపించాడు. ఇంకొక దెబ్బ. అంత రాయి గుడ్డ చిరిగినట్టు గీత వెంటే రెండుగా విడిపోయింది. నా వెనక నిలబడిన అత్త, "నా కత్తెర కూడా ఇంత నీటుగా కొయ్యదప్పా" అంది. చల్లగా తడిసినట్టు మెరుస్తున్న ఆ కోతను చేత్తో తడుముతూ అక్కడే కూర్చుండిపోయాను.

రెండు అడుగుల ముక్కలు. ఒకటిన్నర అడుగు గోడలో దిగుతుంది, అర అడుగు లోపలికి పొడుచుకొచ్చి నిలబడుతుంది. గోడల పై వరస ఆయన ఇంకా వేయకపోవడం మా అదృష్టం. రెండు గోడల మీదా వరసగా ఆ రాళ్లు పేర్చాడు. "గోడ కాడికి బండ రాకపోతే, బండ కాడికి గోడనే పంపించల్ల" అన్నాడు. ఆ రోజు మాటల్లో సగం దానికే ఖర్చయి ఉంటాయి. తర్వాత వాలుగా వేసిన దుంగల మీద ఎనిమిది మంది ఒక్కో బండను పైకి తోశారు. ఆయన అరవలేదు. కర్రతో బండ మీద ఒకసారి తడితే కదిలేవాళ్లు, రెండుసార్లు తడితే ఆగేవాళ్లు. ఎనిమిది మంది ఊపిరీ ఒకటే అయినట్టుంది. మొదటి బండ వెళ్లి, అటు గోడకూ ఇటు గోడకూ మధ్య, నా తొమ్మిది అడుగుల్లో, పొడుచుకొచ్చిన రాళ్ల మీద చప్పుడు లేకుండా కూర్చుంది. బండల ఎత్తు దాటేదాకా గోడను మళ్లీ ఎత్తి, గోడలో దిగిన రాళ్ల తోకలు లేవకుండా బరువు పెట్టాడు. ఆయన వక్కాకు వేసుకోవడానికి పక్కకు పోయినప్పుడు నిచ్చెనెక్కి దొంగచాటుగా టేపు పెట్టి చూశాను. ప్రతి రాయీ అర అడుగే. నేను కొలవడం ఆయన చూశాడు. "సరిపోయిందా తల్లీ?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. సరిపోయింది తాతా అని చెప్పి దిగాను. ఆ తర్వాత మా వీధిలో ఎవరి గోడనూ నేను కొలవలేదు.

ఆషాఢానికి రెండు రోజుల ముందు అత్త కొత్త పొయ్యి మీద పాలు పొంగాయి. అందరం పాయసం తిన్నాక ఆమె మమ్మల్నందరినీ బయటికి పంపి తలుపు మూసింది. లోపల గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. తీసింది. మళ్లీ పెట్టింది. మూడోసారికి నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఇప్పుడు నేను బెంగళూరులో ఎవరెవరి ఇళ్లకో ప్లాన్లు గీస్తున్నాను. మిద్దె కింద రెండు వైపులా పొడుచుకొచ్చిన ఆ రాళ్ల కింద అత్త తీగ కట్టి, దారపు కండెలు రంగుల వరసలో వేలాడదీసుకుంది. రవికలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు తలెత్తి చూసి ఎవరి డిజైనని అడుగుతారు. "మా ఇంజనీరమ్మదే" అంటుంది అత్త, మొహంలో నవ్వు కనపడనీయకుండా. రాళ్లప్ప లేడు. మూడో ముడి ఎందుకో అడగాల్సింది, అడగలేదు.

మొన్న పుంగనూరు పోయినప్పుడు మధ్యాహ్నం ఆమె తలుపు తట్టాను. గొళ్లెం పెట్టి ఉంది. పెరట్లో జామచెట్టుకు అదే తాడు, రవికలు ఆరుతున్నాయి. రెండో ముడి పట్టుకుని నిలబడ్డాను. ఐడీ కార్డు వేసుకుని దీని మీద బట్టలు ఆరేసి పోయిన ఆ పిల్ల కనపడితే తిట్టాలనిపించలేదు, పక్కన కూర్చోబెట్టుకుని ఇంత పాయసం పెట్టాలనిపించింది.

"ఎవురది?" అంది అత్త లోపలినుంచి. నా తట్టుడు ఆమెకు తెలియక కాదు.

"నేనే అత్తా."

"ఉండు, తీస్తాండా" అంది. తొందరేమీ పడలేదు. నేనూ తొందరపెట్టలేదు.