శంకరానికి దారి హైదరాబాదు నుంచట

కృపావతికి కోపం రావడం ఆఫీసులో ఎవరూ చూడలేదు, ఆ పుస్తకం వచ్చేదాకా.

విశాఖలో వాల్తేరు స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు ట్రావెల్ కంపెనీలో ఆవిడ టైపిస్టు. 1981లో మద్రాసు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. దేశంలోని పురాతన కట్టడాలు చూడ్డానికి వచ్చే విదేశీయులు ఏ ఊళ్లో దిగితే సులువో చెబుతూ పుస్తకం వేస్తున్నామనీ, విశాఖ సంగతి రాసి పంపమనీ. మేనేజరు శ్రీరామ్మూర్తి ఒక్క వాక్యం చెప్పాడు: “ఓడరేవు, కట్టబోయే ఉక్కు ఫ్యాక్టరీ తప్ప ఇక్కడ చూడదగ్గవి లేవు.”

కృపావతి వేళ్లు ఆగిపోయాయి.

“అదేటి సార్! శంకరం బుద్ధుడి గుహలు లేవా? రామతీర్థం, సాలిహుండం లేవా? ఇక్కడ దిగే కదా ఎల్లాలి!”

“ఆ రాళ్లు ఎవడు చూస్తాడమ్మా? టైపు చెయ్యి.”

చేసింది. కానీ ఆ తర్వాత మూడు ఆదివారాలు చర్చి నుంచి తిన్నగా బస్సెక్కింది. ఎక్కడ దిగాలో, ఎంత నడవాలో, కొండమీద ఏముందో చూసి, పదకొండు పేజీలు రాసి తన పేరుతో మద్రాసుకు పంపింది.

పుస్తకం వచ్చింది. శంకరం గురించి ఆవిడ రాసిన మాటలు అచ్చంగా అలాగే ఉన్నాయి. కింద పేరు శ్రీరామ్మూర్తిది. దిగవలసిన ఊరు మాత్రం హైదరాబాదు! విశాఖకి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండకి ఆరొందల కిలోమీటర్ల అవతలి నుంచి దారి!

కృపావతి పుస్తకం తీసుకెళ్లి మేనేజరు బల్లమీద పడేసింది. ఆఫీసంతా తలెత్తింది.

“శంకరానికి అనకాపల్లిలో బస్సు దిగి ఎటెల్లాలి సార్? సెప్పండి.”

శ్రీరామ్మూర్తి పుస్తకాన్ని పక్కకి తోసి ఫైలు తెరిచాడు.

“కొండ ఎప్పుడూ సూడనోళ్ల పేరు కిందెలా పడింది? నాను ఎండలో తిరిగి రాసినాను!”

వారం తిరక్కుండా ఆవిణ్ణి రేవు గేటు దగ్గరి సరుకుల కౌంటరుకి మార్చారు. మద్రాసుకి రాస్తే, మళ్లీ అచ్చు వేసినప్పుడు సరిచేస్తామన్నారు. అయిదేళ్లకి రెండో అచ్చు వచ్చింది. అదే హైదరాబాదు, అదే పేరు.

అమ్మకానికని ఆ కౌంటరుకి పాతిక కాపీలొచ్చాయి. కృపావతి కలం తీసి ఒక్కొక్కదాంట్లో హైదరాబాదు కొట్టేసి, పైన విశాఖపట్నం అని రాయసాగింది.

“కొత్త పుస్తకాలు పాడు సేత్తన్నావేటమ్మా?” అన్నాడు గుమస్తా పైడయ్య కంగారుగా.

“తప్పు దిద్దుతన్నాను,” అంది తలెత్తకుండా, “ఎవుళ్లు అడుగుతారో అడగనీ.”