ఎంగిలి చెంచాలు

మొన్న వరికుంటపాడు నుంచి వస్తూ, ఉదయగిరిలో బస్సు మారే సందులో చెక్క సామాన్ల అంగట్లోకి దూరి, ఒక చెంచా తీసి అలవాటు కొద్దీ కింది పెదవికి ఆనించుకున్నాను. అంగట్లోని పిల్ల గయ్యిమంది, "తాతా, ఎంగిలి చేసినావు గదా, ఇంక నువ్వే తీసుకోవాల!" అని. డబ్బులిచ్చి కొనుక్కున్నాను. ఆ పిల్లకేం తెలుసు, నలభై ఏళ్ళ కిందట అదే మాట నేనూ ఒకామెను అన్నానని, అదీ కాగితం మీద రాసి మరీ అన్నానని!

అప్పట్లో ఆత్మకూరులో చిన్న పరిశ్రమలవాళ్ళకు పెట్టిన శిక్షణకు పోయి, ఏ పనికి ఎంత సమయం పడుతుందో గడియారం పెట్టి కొలిచి, అనవసరమైనది తీసేసే విద్య నేర్చుకొచ్చాను. నేర్చుకొచ్చినవాడికి ఊరుకోబుద్ధవుతుందా? మెడలో స్టాప్ వాచీ వేలాడేసుకుని, ఉదయగిరిలో మా మామ నడిపే చెంచాల కార్ఖానాలో తిష్ట వేశాను. చెక్క కోసేవాళ్ళూ, చెంచాలు చెక్కేవాళ్ళూ బాగానే నడిపిస్తున్నారు గానీ, చివరన కూర్చునే మా పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి సరుకు గుట్ట పడేది. పెదనాయన పోయినప్పటినుంచి ఆమెకు తమ్ముడి కార్ఖానాయే లోకం. ప్రతి చెంచానూ పెదవికి ఆనించి చూసేది, గరుకు తగిలిన చోట ఉప్పుకాగితంతో రుద్దేది, ఎంగిలైంది కనుక వేడినీళ్ళలో ముంచేది, నీడన ఆరబెట్టి మళ్ళీ రుద్దేది. నేను మహా తెలివిగా రాశాను: ఎంగిలి చేయకపోతే కడగనక్కర లేదు, కడగకపోతే ఆరబెట్టనక్కర లేదు, కనుక ఆ పనీ వద్దు, ఆ మనిషీ వద్దు. ఎంగిలి అన్న మాట కింద ఎర్ర గీత కూడా కొట్టాను. మామ అది చదివి మురిసిపోయి, అక్కను ఇంటిపట్టున ఉండమన్నాడు. ఆమె కొంగు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది.

నెల తిరక్కముందే నెల్లూరు వ్యాపారి మూటలు వెనక్కి పంపాడు. కొన్నవాళ్ళు ఒక్కసారి కడిగేసరికి చెక్క మీద నూగు లేచి పెదవులు గీరుకుపోతున్నాయట. తడిస్తే లేచే ఆ నూగును ముందే లేపి రుద్దేయడమే పెద్దమ్మ ఇన్నాళ్ళూ చేసిన పని అని అప్పుడు గాని నా బుర్రకెక్కలేదు. మామా నేనూ పోయి ఆమె గడప ముందు నిలబడ్డాం. రానంది.

"నా నోరు ఎంగిలని రాసిచ్చినావంట గదరా? చిన్నప్పుడు నీకు పెట్టే సంగటి వేడిగా ఉండాదేమోనని చూసింది ఈ నోటితోనే," అంది.

కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ మూటలన్నీ నేనే కూర్చుని కడిగి, ఆరబెట్టి, రుద్ది, పెదవికి ఆనించి చూశాను. పది రోజులకు పెదవి పగిలింది. ఆమె మాత్రం బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ కార్ఖానాలో అడుగు పెట్టలేదు.

ఇప్పుడంతా మిషన్ల మీద పని. సరుకు నిగనిగలాడుతుంది, కడిగి చూసేవాళ్ళు మాత్రం కనబడరు. కొన్న చెంచాను ఇంటికొచ్చి కడిగి చూద్దును గదా, అదే నూగు! ఎవరినని ఏం లాభం, కడిగి చూసే తీరిక తీసేసిన చదువు మాలాంటివాళ్ళం మోసుకొచ్చిందే. ఉప్పుకాగితం వెతికి తెచ్చుకుని మధ్యాహ్నమంతా రుద్దుతూ కూర్చున్నాను. పెద్దమ్మ చేసే ప్రతి పనికీ ఎంత సేపు పడుతుందో ఆనాడు కొలిచాను గానీ, ఆ ఒక్క మాట రాయడానికి నాకెంత సేపు పట్టిందో కొలుచుకోలేదు.