నా వంటింట్లో బావి

ఓడ దిగేనాటికి నా దగ్గర ఒక రేకుపెట్టె, కాసిని వేళాకోళాలు ఉన్నాయి. పెట్టె ఆర్నెల్లకే తుప్పు పట్టింది. వేళాకోళంతోనే బతుకు లాక్కొచ్చాను.

బర్మాలో మమ్మల్ని తెలుగువాళ్లు అనేవారు. తీసుకొచ్చి నరసన్నపేట అవతల గుట్ట పక్కన దింపాక బర్మావాళ్లు అన్నారు. మూడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, ఇంతకీ నేనెవరినో తేల్చే చదువు నాకు లేదు. నవ్వి ఊరుకున్నాను.

మా తాత ఈ జిల్లా నుంచే రంగూన్ వెళ్లి, బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. నేను అక్కడే పుట్టాను. మా ఆవిడ బర్మా మనిషి. అక్కడి సర్కారు పొమ్మని మావాళ్లంతా తట్టాబుట్టా సర్దుకోవలసి వచ్చినప్పుడు ఆమె తల్లి మంచం మీదుంది. అమ్మ సంగతి చూసుకుని పాపని తీసుకుని వెనకాలే వస్తాను, నువ్వు ముందు పోయి ఇల్లు కట్టు అంది. ఆ మాట పట్టుకుని ఒక్కణ్ణే ఓడెక్కాను.

తిరిగొచ్చినవాళ్ల కోసం వేసిన కాలనీలో స్థలాలు కుటుంబాలకే ఇచ్చేవారు. తాసీల్దారు ఆఫీసులో గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, నీ కుటుంబం ఏదయ్యా అన్నాడు. వస్తున్నారండి అన్నాను. ఓడెక్కారా అన్నాడు. ఇంకా లేదండి, వంటింట్లో ఉన్నారు అన్నాను. పడీ పడీ నవ్వి, కాగితం మీద భార్య, కూతురు అని రాసుకుని, మిగిలిన ఆఖరి స్థలం నా పేర వేశాడు.

గోడలు లేపే తాహతు ఎక్కడిది? రాళ్లు పేర్చి గదులు గీశాను. ఇది పడకగది, అది వంటిల్లు, ఈ మూల పాప ఆడుకుంటుంది. ఏటి ఒడ్డు నుంచి నల్లరాయి ఒకటి మోసుకొచ్చి గుమ్మం దగ్గర వేశాను. నేను పడుకునేది మాత్రం వీధి చివరి రేకుల షెడ్డులో. పగలంతా పేటలో బస్తాలు మోసి, పొద్దు వాలేవేళకి వచ్చి, ఆ రాయి మీద కాళ్లు దులుపుకుని లేని ఇంట్లోకి వెళ్లేవాణ్ణి. చూసినవాళ్లు నవ్వేవారు. వాళ్లకంటే ముందు నేను నవ్వేవాణ్ణి. లేకపోతే జాలిపడతారు.

వాగుడెక్కువ, సిగ్గు తక్కువ కనుక కాలనీ అర్జీలన్నిటికీ నన్నే ముందుకు తోసేవారు. అన్నిటికన్నా పెద్ద అర్జీ నీళ్లది. పక్కూరి ఆడవాళ్లు తోడుకోవడం అయ్యాకే వాళ్ల బావి దగ్గర మావాళ్లకి చేద అందేది. మా షెడ్డు ఎదురింటావిడని వదినా అని పిలిచేవాణ్ణి. కడుపుతో ఉన్న మనిషి, పొద్దున్న వెళ్తే ఎండ మాడేవేళకి ఒక్క బిందెతో వచ్చేది. అప్పటికే ఏడాదిగా తిరుగుతున్నవాణ్ణి, ఆఖరికి బావి మంజూరు చేయించాను. తవ్వితే బండ తగిలింది.

అప్పుడు పక్కూరి నుంచి ఒక ముసలి రైతుని పిలుచుకొచ్చారు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడుస్తాడు, నీళ్లున్నచోట కాయ నిలబడుతుందట. నీళ్లు దొరికితే ఎవరైనా కూర్చుంటారు గానీ నిలబడడమేమిటని ఎగతాళి చేశాను. ఆయన పట్టించుకోలేదు. కాలనీ అంతా తిరిగి, నా నల్లరాయి దాటి, తిన్నగా నా వంటింట్లోకి వెళ్లాడు. కాయ లేచి నిలబడింది. మళ్లీ నడవమన్నాను. మళ్లీ అక్కడే.

అందరూ నా మొహం చూశారు, ఏదో ఒకటి అంటానని. నేను వంగి, ఎవరి కాలో తగిలి జరిగిన వంటింటి రాయి సరిచేశాను.

వదినే నోరు తెరిచింది. "మరిదీ, నిన్నడగడానికి నాకు నోరు రాదు. అడక్కండా ఉండడానికి ఓపికా నేదు."

"మా ఇంటిది వచ్చీసరికి ఇల్లుండాల వదినా."

"వస్తాదా?" అంది. "ఉత్తరమొచ్చి ఎన్నాళ్లయినాది, నువ్వే సెప్పు."

మొత్తం వచ్చినవి రెండు. రెండోది వచ్చి రెండు వానాకాలాలు వెళ్లిపోయాయి. ఆ సంగతి వదినకి నేనెప్పుడూ చెప్పలేదు, అయినా తెలుసు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లాను. అదే గుమాస్తా. బావి కోసం స్థలం తిరిగి ఇవ్వచ్చు గానీ కుటుంబం పేరున ఇచ్చినది కనుక, ఇక్కడ నాకు కుటుంబం లేదని రాసి సంతకం పెట్టాలన్నాడు. ఇంకో స్థలం ఇక రాదని కూడా చెప్పాడు. కాగితం నా ముందుకి జరిపి, మెల్లిగా అడిగాడు.

"ఏటయ్యా, ఇంకా వంటింట్లోనే ఉన్నారా?"

"ఉన్నారు బావూ. అక్కడే బావి తవ్వుతన్నారు."

ఈసారి ఆయన నవ్వలేదు. నాకు వచ్చిన మూడో తరగతి అక్షరాలతో, ఎవరూ లేరని రాసిచ్చాను.

నీళ్లు పడ్డాయి, తియ్యటి నీళ్లు. వదిన కొడుక్కి మొదటి స్నానం ఆ నీళ్లతోనే. తర్వాత వచ్చిన పంచాయితీ ఎన్నికల్లో పోటీ లేకుండా నన్ను మెంబర్ని చేశారు. ఆ ఎండాకాలం పక్కూరి బావి ఎండి, ఆ ఊరి ఆడవాళ్లు బిందెలతో మా దగ్గరికొచ్చారు. వాళ్లని వెనక నిలబెట్టాలని మావాళ్లకి మహా సరదా పుట్టింది. ఎవరు ముందొస్తే వాళ్లు తోడుకుంటారని చెప్పాను. ఎవరూ ఎదురాడలేదు. వాళ్లంతా నిలబడింది మా ఇంట్లో కదా.

పొద్దున్న పూట అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. తగువులు, బిందెల మోత, పిల్లల ఏడుపులు. నేను కోరుకున్న సందడంతా ఉంది, ఇద్దరు తప్ప. వాళ్లంతా ఎవరిళ్లకి వాళ్లు పోయాక వెళ్తాను. నల్లరాయి ఇప్పుడు బిందెలు దించుకునే రాయి. దాని దగ్గర ఆగి, కాళ్లు దులుపుకుని గాని అడుగు లోపల పెట్టను. మెంబరుగారికి బావి అంటే ఎంత భక్తో అనుకుంటారు కొత్తవాళ్లు. నేను కాదనను.