మధ్య విస్తరి

మొన్న మా ఊళ్ళో పెళ్ళి. వేడి అన్నంలో గోంగూర, పైన నెయ్యి వడ్డిస్తుంటే ఆ వాసనకు ప్రాణం లేచొచ్చింది. అయినా నేను విస్తరి ముందు కూర్చోలేదు. పెళ్ళివారి దావా ఒకటి మా కోర్టులో నడుస్తోంది మరి. సంచిలోంచి నీళ్ళసీసా తీసి తాగి, ఓ మూల కుర్చీలో కూర్చున్నాను. ఈ పాడు అలవాటు నాకు అంటించింది మా జడ్జిగారు.

గురజాల కోర్టులో నేను స్టెనోగా చేరినప్పుడు ఆయన అక్కడ జడ్జి. ఊళ్ళో ఎవరింట్లోనూ పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు. ఓసారి ఒక కక్షిదారు తెప్పించిన టీ తాగానని నాతో ముభావంగా ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. టీ చుక్కకు తీర్పు మారిపోతుందా అని అడిగేశాను.

"మారదమ్మా. మారిందేమోనని అవతలివాడికి నిద్ర పట్టదు" అన్నారు.

అలాంటి మనిషి ఒక ఆదివారం రెంటచింతల దగ్గరున్న మా ఊరొచ్చి, అందరి ముందూ అన్నం తిన్నారు. గట్టు తగాదాలో రెండు కుటుంబాలు తలలు పగలగొట్టుకున్నాయి. ఆ దావా ఆయన దగ్గరే ఉంది. పెద్దమనుషులు ఎలాగో రాజీ కుదిర్చారు. మా వైపు రెండు పక్షాలూ ఒకే బంతిలో తింటేనే రాజీ కుదిరినట్టు. మధ్య విస్తరి ముందు జడ్జిగారు కూర్చుంటే తప్ప ముద్ద ఎత్తమని ఇరువైపులా భీష్మించారు. కబురు పంపితే వచ్చారు, కూర్చున్నారు. ఆయనకు వడ్డించింది నేనే.

దావా నడుస్తుండగా కక్షిదారులతో కలిసి తిన్నారని ఎవరో ఆయన మీద హైకోర్టుకు అర్జీ పెట్టారు. విచారణకు వచ్చిన అధికారి ముందు నేను సాక్షిని. ముందురోజు ఏడుపు ఆపుకోలేక ఆయన క్వార్టర్స్‌కు వెళ్ళి, చూడలేదని చెప్తానన్నాను.

"వడ్డించినదానివి, చూడలేదని ఎట్లా చెప్తావమ్మా? చూసింది చెప్పు."

"అసలెందుకు తిన్నారు సార్?"

"నేను లేస్తే వాళ్ళూ లేచేవాళ్ళు."

"అయితే తప్పు కాదుగా?"

"తప్పే" అన్నారు.

చూసింది చెప్పాను. బయటికొస్తుంటే ఆయన నన్ను చూసి తల ఊపారు. అది మెచ్చుకోలో నిష్ఠూరమో నాకిప్పటికీ తెలియదు. ఆయన్ను ఉద్యోగంలోంచి పంపేశారు. ఒకరోజు ఆ శిక్ష సబబేననిపిస్తుంది, ఇంకోరోజు తలుచుకుంటే ముద్ద దిగదు. ఎంత ఆలోచించినా తెగదు. ఆ గట్టు మీద మాత్రం మళ్ళీ కర్ర లేవలేదు.

మొన్న పెళ్ళిలో ఆ రెండిళ్ళవాళ్ళూ ఒకే బంతిలో ఉన్నారు. వాళ్ళలో ఒకాయన తన పక్కనున్న ఖాళీ విస్తరి చూపించి, "ఏందమ్మాయ్, చానా పొద్దుపోయింది, నువ్వు తినవా?" అన్నాడు.

ఆకలిగానే ఉంది. తర్వాత తింటానని చెప్పి బస్సెక్కాను.