బస్సెక్కి వచ్చిన నీళ్లు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో రెండు రకాల నీళ్లుండేవి. అందరికీ నల్లా నీళ్లు. మా మేనత్తకు మాత్రం నల్లగొండ జిల్లాలోని మా ఊరి బావి నీళ్లు. మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి బిందెలు బస్సెక్కి వచ్చేవి. పిల్లలం ఒక్క చెంబు ముంచుకోబోతే, అత్తకు చాలవని కసిరేవాళ్లు. పట్నంలో ఉంటూ ఊరి నీళ్లేమిటని ఇరుగుపొరుగు నవ్వినా మా తాతయ్య పట్టించుకునేవాడు కాదు.

ఆ బావి తవ్వించింది తాతయ్యే. చిన్నప్పుడు అత్త చెరువు నుంచి బిందె మోయలేక ఏడ్చిందని, బండ పగలగొట్టించి పెరట్లోనే నీళ్లు పడేదాకా ఊరుకోలేదట. ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆయన వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. మా నాన్న పట్నంలో చదువుకున్నాడు. పెళ్లయిన ఏడాదికే మామయ్య పోవడంతో పుట్టింటికి తిరిగొచ్చిన అత్త మాత్రం ఇంటిపట్టున ఉండి ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగింది.

ముప్పై దాటేసరికి అత్త నడుము వంగిపోయింది. మెడ తిరగదు, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. మోకాళ్లు బిగుసుకుపోయి కింద కూర్చోలేదు. వాతమన్నారు. వంకాయ మాన్పించారు, పెరుగు మాన్పించారు. వైద్యం చేయిద్దామని నాన్న అత్తను మా దగ్గరికి తీసుకొచ్చాడు. వెంట తాతయ్య, నాన్నమ్మ, పట్నం నీళ్లు అత్తకు పడవని తాతయ్య తెప్పించే ఆ బిందెలు. నాన్నమ్మ కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి మొక్కుకుంది.

మా వీధి డాక్టరుగారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. అత్త మెడ, మోకాళ్లు చూసి, "మీరు ఏ నీళ్లు తాగుతున్నారమ్మా?" అని అడిగారు. నల్లగొండ వైపు చాలా బావుల్లో ఫ్లోరైడ్ ఎక్కువని, ఎదిగే వయసు నుంచీ తాగిన వాళ్లలో అది ఎముకల్లో పేరుకుని కీళ్లను బిగించేస్తుందని చెప్పారు. వంగిన నడుము తిరిగి లేవదు గానీ, నీళ్లు మారిస్తే నొప్పులైనా తగ్గొచ్చన్నారు. పెరుగు మానొద్దన్నారు.

అది తెలంగాణ ఉద్యమం రగులుతున్న అరవై తొమ్మిదో సంవత్సరం. డాక్టరు మాట వినగానే తాతయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "గా ఆంధ్రాయనకు మన నీళ్లు గూడ పనికిరాకుండ అయినయా? మనూరికి ఒంక పెడ్తుండు!" అన్నాడు. ఆ వారం ఒక బిందె ఎక్కువే తెప్పించాడు. ఆయన పంతానికి నాన్న కూడా తలొగ్గాడు.

తర్వాత బంద్‌లు ముదిరి బస్సులు ఆగిపోయాయి. అత్త గొణుక్కుంటూనే నల్లా నీళ్లు తాగింది. వారాలు గడిచేకొద్దీ మూలుగు తగ్గింది. ఒకరోజు గోడ పట్టుకోకుండానే మంచం మీంచి లేచింది. నాన్నమ్మ పరుగున వెళ్లి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టింది. తాతయ్య మాత్రం ఆ పూట అన్నం ముద్ద కలిపి అలాగే వదిలేశాడు.

బస్సులు మళ్లీ తిరగ్గానే ఊరి నుంచి బిందెలొచ్చాయి. స్వామి దయతోనే నొప్పులు తగ్గాయనుకున్న అత్త సంబరంగా చెంబు పట్టుకొచ్చింది. తాతయ్య అంతకంటే ముందే బిందె ఎత్తి వాకిట్లో కుమ్మరించాడు.

"ఏంది నాయినా, మనూరి నీళ్లు మట్టిల పోస్తున్నవు?" అని అత్త అరిచింది.

"గా బాయి తవ్విచ్చింది నేనే బిడ్డా. డాక్టరు జెప్పినంక గూడ తాపిచ్చింది నేనే. నీ నడుము నేనే ఇరిసిన" అంటూ తాతయ్య గడప మీద కూలబడ్డాడు. ఎవరికీ తల వంచని మనిషి కూతురు కాళ్ల దగ్గర వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు భయమేసింది.

అత్త కూర్చోలేదు కదా, నిలబడే ఆయన తల మీద చెయ్యి వేసింది. "నేను మొయ్యలేక ఏడిస్తే తవ్విచ్చినవు. నాకు ఎర్క లేదా నాయినా?" అంది. తిట్టి ఉంటే ఆయన మనసు కాస్త కుదుటపడేదేమో. ఆ తర్వాత బతికినన్నాళ్లూ తాతయ్య అత్త ఎదుట మంచినీళ్లు తాగలేదు. చెంబు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లేవాడు.

ఇప్పుడు నాకు ఆయన వయసొచ్చింది. నా వాళ్లకు నేను చేసేదాంట్లో ఎవరైనా తప్పు చూపిస్తే ఒళ్లు మండుతుంది. అయినా నోరు మూసుకుని చివరిదాకా వింటాను. మనవల చేతిలో ముద్దుగా ఏదైనా పెట్టబోయి కూడా ఒక్క క్షణం ఆగిపోతాను. ప్రేమతోనే ఇస్తున్నాను కదా అని సర్దిచెప్పుకోవడం నా వల్ల కాదు. మా తాతయ్య కూడా ప్రేమతోనే తాపించాడు.