చెరకీర్తనతో బాపట్ల దాకా

ఇరవై ఏళ్ళుగా తెనాలిలో పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తున్నవాణ్ణి, నేను చర్చి పాటల పోటీకి బాపట్ల ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. లేకపోతే మా వీధిలో ఇప్పటికే పుట్టిన కథలు మీ దాకా వస్తాయి.

రేపల్లె నుంచి దేవదానం మాస్టారని ఒకాయన మా ఇంటికొచ్చారు. ఎలిమెంటరీ స్కూల్లో పంతులు, అక్కడి చర్చిలో పాటల బృందానికి పెద్ద. బాపట్లలో చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పాటల పోటీ పెట్టారట. అందరికీ ఒకటే పాఠం, బైబిల్లో నూట ముప్పై ఏడో కీర్తన. వరస మాత్రం ఎవరిది వాళ్ళు కట్టుకోవాలి. "మా దగ్గరున్నది దొరల కాలం నాటి వరసండి. దానికి కవాతు చెయ్యచ్చుగానీ ఏడవలేం" అన్నారాయన.

కీర్తన సంగతి ఆయనే విడమరిచి చెప్పారు. శత్రువులు ఊరు కూలగొట్టి జనాన్ని చెరపట్టుకుపోయారు. వాళ్ళు పరాయి దేశంలో నది ఒడ్డున కూర్చుని, సొంతూరు తలుచుకుని ఏడుస్తూ, తమ వాయిద్యాల్ని చెట్లకి తగిలించేశారు. పట్టుకుపోయినవాళ్ళేమో, మీ ఊరి పాట ఒకటి పాడండి విందాం అని వేళాకోళం. పరాయి గడ్డ మీద మా పాట ఎలా పాడతామంటారు వీళ్ళు. సొంతూరిని మరిచిపోతే నా కుడిచెయ్యి తన నేర్పు మరిచిపోవాలని ఒట్టు కూడా పెట్టుకుంటారు. అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది. హార్మోనియం వాడికి కుడిచెయ్యి పోతే మిగిలేది తిత్తి కొట్టుకునే ఎడమచెయ్యి ఒక్కటే. చివర్లో పగవాళ్ళ పసిపిల్లల్ని బండకేసి కొట్టే ముక్క ఉంది. "అది అఠాణా రాగంలో దివ్యంగా పడుతుంది మాస్టారూ" అన్నాను. "అది పాడమండి" అన్నారాయన, కాస్త భయపడి.

మిగిలినదంతా ముఖారి రాగంలో కట్టాను. పక్క గదిలోంచి విన్న మా ఆవిడ, "ఏడుపు పాటేగా, మీకు కొత్తేముంది" అంది.

శుక్రవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఇంజనుకి దూరంగా, బండి వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చోండి. నేను కూర్చోలేదు. జంపని వచ్చేలోగా కంట్లో బొగ్గు నలుసు పడి, పాట సాధన చెయ్యకుండానే ఏడుపు వచ్చేసింది.

జంపనిలో పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలి తిరిగొస్తున్న రైతు ఒకాయన ఎక్కాడు. నా హార్మోనియం పెట్టెని ఒక్క చేత్తో జరిపి కూర్చున్నాడు. నేను కాగితం చూసి గొణుక్కుంటుంటే, "ఏంటండి చదువుతున్నారు?" అన్నాడు. చెప్పాను. వాయిద్యాలు తగిలించింది నిరవంజి చెట్లకట, అవేం చెట్లో తెలీడం లేదని కూడా చెప్పాను.

"ఏటి గట్టు మీదంటే తుమ్మే అయ్యుంటదండి. ఇంకేం బతుకుద్ది?" అన్నాడాయన.

"ముళ్ళకి ఎవరైనా వీణ తగిలిస్తారా?"

"ఏడ్చేవాడికి ముల్లేం కనపడుద్దండి" అని భట్టిప్రోలు దాకా ఆలోచించి, అక్కడ దిగి కిటికీ దగ్గరికొచ్చి, "రాత్రిళ్ళు మంచులో మాత్రం వదలొద్దని చెప్పండి, పాడైపోతాయి" అన్నాడు. ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు. తల ఊపాను.

ఆరింటికి రేపల్లె. మాస్టారి ఇంటి వసారాలో సాధన. బృందం మాస్టారితో కలిపి ఎనిమిదిమంది. ఏడుగురి గురించి నేనేమీ అనను, పోటీ అయిపోయింది కాబట్టి. ఎనిమిదో మనిషి రూతమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆ అమ్మాయి మొదటి చరణం ఎత్తుకోగానే నా వేళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఎంతమంది సత్యహరిశ్చంద్రులు నా హార్మోనియం మీద భార్యని అమ్ముకున్నారో లెక్కలేదు, ఒక్కడి గొంతులోనూ ఇంత నిజం లేదు. పొగడటం నాకు అలవాటు లేదు గనక "శృతి చూసుకో అమ్మా" అన్నాను.

రేపల్లెలో పడుకోవాల్సి వస్తే దోమతెర ముందే అడగండి. మొహమాటపడితే నా గతే మీకూనూ.

శనివారం పొద్దున్నే ఆరూ పదికి తొమ్మిదిమందిమీ బండెక్కాం. రూతమ్మ కొత్త చీర కట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. పెనుమర్రు దాకా పాట కాగితం మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది. నాకు చిరాకేసి, "ఏంటమ్మా, పోటీకి భయమా?" అన్నాను.

"పోటీకి కాదు బాబాయిగారూ. మాది బాపట్లే" అంది. తర్వాత కథంతా చెప్పింది. పుట్టింటివాళ్ళది మనిషిని నీళ్ళలో నిలువునా ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. రేపల్లెలో ఇష్టపడి చేసుకున్న మొగుడిది తలమీద నీళ్ళు చల్లే సంఘం. పెళ్ళయి ఇందులో చేరిన రోజు నుంచి అన్నయ్య జకరయ్య గడప తొక్కనివ్వలేదు.

"చెంబెడు నీళ్ళ కోసం పుట్టింటిని వదిలేసిందన్నాడండి. పదకొండేళ్ళయింది. ఉత్తరం రాస్తే జవాబు ఉండదు. పెళ్ళిళ్ళలో ఎదురైతే గోడవైపు చూస్తాడు. ఈ పోటీ పెట్టేది ఆయనే, టైమైపోయిందని కొట్టే గంట కూడా ఆయన చేతిలోనే ఉంటది. నన్ను చూసి ఒక్క మాట మాట్లాడితే చాలు, బహుమతి సంగతి మీరు చూసుకోండి."

కృష్ణలో మూడు మునకలేసినా, ఒడ్డున నిలబడి నెత్తిన చల్లుకున్నా పుణ్యం ఒకటేనని మా పురోహితుడు జలుబు చేసినప్పుడల్లా చెబుతుంటాడు. ఆ మాట చెప్పబోయి, మనకెందుకులే అని ఊరుకున్నాను. "మీ అన్నయ్యకి పాటంటే ఇష్టమేనా?" అని మాత్రం అడిగాను.

"పిచ్చండి. నా చిన్నప్పుడు మా నాన్నకి తెలీకుండా నాటకాలకి పోయేవాడు. తెల్లారి దొడ్లో నన్ను కూర్చోబెట్టి ఆ పద్యాలన్నీ నాకు నేర్పి పాడించుకునేవాడు. తర్వాత సంఘపెద్ద అయ్యాక మానేశాడు."

ఎనిమిదింటికి తెనాలి. బాపట్ల బండికి గంటన్నర వ్యవధి ఉంది. సొంతూరు కాబట్టి చెబుతున్నాను, ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తినకండి. బయటికొచ్చి ఎడమచేతి వైపు రెండో హోటల్లో తినండి, అక్కడ చట్నీకి చట్నీ రంగు ఉంటుంది. మేం తింటుంటే మా నాటకాల్లో ధర్మరాజు వేసే పెద్దమనిషి ఎదురయ్యాడు. చంకల్లో బైబిళ్ళతో ఎనిమిదిమంది, మధ్యలో విభూతి రేఖలతో నేను. ఎగాదిగా చూసి, "ఏంటి బావా, పార్టీ మారావా?" అన్నాడు. "పార్టీ మారలేదు, ఈసారి పద్యం వచ్చినవాళ్ళకి వాయిస్తున్నా" అన్నాను. ఆయన అలిగి నేతి పెసరట్టు చెప్పుకున్నాడు.

పదకొండుంపావుకి బాపట్లలో దిగాం. స్టేషన్ ఎదుట పూటకూళ్ళ హోటల్లో భోజనం బాగుంది, గోంగూర మళ్ళీ మళ్ళీ వేస్తారు. రూతమ్మ తినలేదు. రెండు రిక్షాల్లో హార్మోనియం, పెద్దవాళ్ళు, మిగిలినవాళ్ళు నడిచి రెండున్నరకి చర్చికి చేరాం.

జకరయ్యగారు మెట్లమీదే ఉన్నారు. యాభై దాటిన మనిషి, గంజిపెట్టిన చొక్కా, చేతిలో ఇత్తడి గంట. ఒక్కో బృందానికి ఆరు నిమిషాలు, ఆరో నిమిషంలో గంట, చప్పట్లు కూడదు, రెండోసారి పాడించకూడదు అని నిబంధనలు చదివారు. రేపల్లె పేర్ల కాగితం చేతికివ్వగానే ఆయన కళ్ళు ఒకచోట ఆగాయి.

"అన్నయ్యా" అంది రూతమ్మ.

ఆయన దేవదానం మాస్టారివైపు తిరిగి, "మీవాళ్ళని రెండో వరసలో కూర్చోమనండి" అన్నారు. ఆ అమ్మాయి మొహం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. నిబంధనల్లో లేదుగానీ, ఆ గంట లాక్కుని ఎక్కడైనా విసిరేద్దామనిపించింది.

మూడు బృందాలు పాడాయి. మూడూ కవాతే. చెరలో ఉన్నవాళ్ళు అంత హుషారుగా ఉంటే శత్రువులు పాడమని అడగడంలో తప్పేమీ లేదనుకున్నాను. నాలుగింటికి మా వంతు వచ్చింది.

ముఖారి ఎత్తుకోగానే బల్లల మీద కదలిక ఆగింది. మా ఏడుగురూ ఆ రోజు ఎందుకో శృతిలోనే ఉన్నారు. పరాయి గడ్డ మీద ఎలా పాడతాం అనే చరణం దగ్గర మిగిలినవాళ్ళు ఆపేశారు, రూతమ్మ ఒక్కతే పాడింది. ఆ మాట మీద నాలుగు రకాలుగా సంగతులు తిప్పి, ఐదోసారి పైస్థాయి షడ్జమం మీద నిలబడి, ముందు బల్ల మీద గంట పట్టుకుని కూర్చున్న అన్నగారి వైపే చూస్తూ పాడింది. ఆరు నిమిషాలు ఎప్పుడో దాటాయి. గంట మోగలేదు. పాట అయిపోయింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. మా నాటకాల్లో పద్యం అవగానే హార్మోనియం ఆపరు. తిత్తి కొడుతూ శృతి అలాగే పట్టి ఉంచుతారు. జనంలోంచి ఒన్స్ మోర్ వస్తుంది, అదే పద్యం మళ్ళీ ఎత్తుకుంటారు. ఇరవై ఏళ్ళ అలవాటు, నా ఎడమచెయ్యి ఆగలేదు. ప్రార్థన కాబోలని అందరూ తలలు వంచుకున్నారు. మాస్టారు ఆపమని సైగ చేస్తున్నారు. నేను శృతి పట్టుకునే ఉన్నాను.

"ఒన్స్ మోర్" అని వినపడింది.

వంచిన తలలన్నీ లేచాయి. ముందు బల్ల దగ్గర జకరయ్యగారు నిలబడి ఉన్నారు. అన్నదెవరా అని ఆయన కూడా వెనక్కి తిరిగి చూశారు. వెనక అందరూ ఆయన్నే చూస్తున్నారు.

నేను వెంటనే ఎత్తుగడ స్వరాలు వాయించాను. రూతమ్మ అందుకోలేదు. చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో, వంటింట్లోంచి జవాబు చెప్పినట్టు అంది.

"పాడనన్నయ్యా. పరాయి చోట పాడమంటే ఎలా పాడతామనే కదా ఇందాకటి దాకా పాడింది. మనింట్లో అయితే పాడతాను. రమ్మంటే."

జకరయ్యగారు కళ్ళజోడు తీసి తుడిచారు. పెట్టుకుని మళ్ళీ తీసి తుడిచారు. తర్వాత గంట కొట్టి, "రేపల్లె బృందం సమయం దాటింది, బహుమతికి పనికిరాదు. తర్వాతివాళ్ళు రావచ్చు" అని కూర్చున్నారు.

రూతమ్మ బయటికొచ్చి మెట్లమీద కూర్చుంది. "నిన్ను పిలవకపోయినా మాట్లాడాడుగా అమ్మా" అన్నాను, ఓదార్పు చేతగాక. "పదకొండేళ్ళ తర్వాత మాట్లాడాడు, అదీ ఇంగ్లీషులో" అని ఏడుపులోనే నవ్వింది. కంట్లో బొగ్గు నలుసు ఇంకా ఉందని మాస్టారితో చెప్పాను.

అయిదున్నరకి రిక్షా ఎక్కుతుంటే సైకిలు నడిపించుకుంటూ జకరయ్యగారు వచ్చారు. అలవాటు కొద్దీ మాస్టారితోనే మొదలుపెట్టారు.

"మీ బండి ఎన్నింటికండి?"

"ఆరూ నలభైకండి."

"మీవాళ్ళందరూ అందులోనే ఎక్కాలనేం లేదుగా." సైకిలు బెల్లు సవరించి, ఈసారి చెల్లెలివైపు తిరిగి, "మీ వదిన బియ్యం కడుగుతోంది. పద" అన్నారు.

"సంఘం సంగతి ఎత్తనంటేనే వస్తాను."

"రేపు ఎత్తుతాను."

"రేపూ వద్దు."

ఆయన సరేనన్నట్టు కాలితో స్టాండు తీశారు. రూతమ్మ కొత్త చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వెనక క్యారేజీ మీద కూర్చుంది. "మాస్టారూ, మా ఆయనకి చెప్పండి, మంగళవారం వస్తాను, కోళ్ళకి గింజలు వెయ్యమనండి" అని అరిచింది. సైకిలు మలుపు తిరిగేటప్పుడు, "ఆ నాలుగో సంగతి దగ్గర్నుంచి మళ్ళీ పాడాలి" అని జకరయ్యగారు అనడం నాకు స్పష్టంగా వినపడింది. అసలు గట్టివాడు, సంగతులు లెక్కపెట్టుకున్నాడు.

బండి ముప్పావుగంట లేటు. బాపట్లలో సాయంత్రం బండిని నమ్ముకునేవాళ్ళు వేరుసెనక్కాయలు కొనిపెట్టుకోవడం మంచిది. బహుమతి రాలేదు, దోమలు కుట్టాయి, నా వరస గురించి ఒక్కళ్ళూ మంచిగా ఒక ముక్క అనలేదు. అయినా మళ్ళీ ఏ సంఘంవాళ్ళు పిలిచినా, ముంచేవాళ్ళయినా చల్లేవాళ్ళయినా, నేను వెళతాను. ఇంట్లోకి రమ్మని పిలిపించే పద్యం నాటకాల్లో నా చేత ఎవరూ వాయించుకోలేదు.

నిడుబ్రోలు దాటాక టికెట్ కలెక్టరు వచ్చాడు. పొద్దున తీసుకున్న రానూపోనూ టికెట్లన్నీ మాస్టారు ఒకేసారి చేతికిచ్చారు. ఆయన టికెట్లు ఒకసారి, మమ్మల్ని రెండుసార్లు చూసుకుని, "రేపల్లె దాకా తీసుకున్నారు, ఒకరు తక్కువున్నారేంటండి? బండి తప్పిపోయారా?" అన్నాడు.

"లేదండి" అన్నారు దేవదానం మాస్టారు. "ఆవిడ ఊరు ముందే వచ్చేసింది."